మోగాలన్నా అద్దె కట్టాల్సిందే: రీఛార్జ్ ధరలు, దళితవాడ ఫోన్లు

2024 జూలై 3న జియో, ఎయిర్‌టెల్, ఆ మర్నాడు వొడాఫోన్ ఐడియా రీఛార్జ్ ధరలు పెంచాయి. జనానికి ఒళ్లు మండింది. ట్రాయ్ లెక్కల ప్రకారం ఆ ఒక్క నెలలోనే ఎయిర్‌టెల్ దాదాపు 17 లక్షల మందిని, వొడాఫోన్ ఐడియా 14 లక్షల మందిని, జియో ఏడున్నర లక్షల మందిని పోగొట్టుకున్నాయి. అప్పటిదాకా నెలనెలా ఖాతాదారులను పోగొట్టుకుంటున్న బీఎస్ఎన్ఎల్‌కు 29 లక్షల మంది కొత్తగా వచ్చారు.

అప్పట్లో టీవీల్లో, సోషల్ మీడియాలో కనిపించిన కోపం ఎక్కువగా రోజుకు రెండు జీబీ వాడేవాళ్లది. 5జీ ప్లాన్ ఎంతయింది, ఓటీటీ ఉంటుందా పోతుందా అనే చర్చే నడిచింది. వక్కాకు తిత్తిలో కీప్యాడ్ ఫోను పెట్టుకుని కూలికి పోయే ఆడవాళ్ల కోపం ఎక్కడా వినబడలేదు. సత్యవేడు, పుంగనూరు, గంగాధర నెల్లూరు వైపు ఏ రీఛార్జ్ అంగడి ముందైనా కాసేపు నిలబడితే మాత్రం అది ఒకే ప్రశ్నగా వినబడుతుంది: "నెట్టు వద్దునా, మాట్లాడేదానికి మాత్రమైతే ఎంతవుతాది?"

ఈ ప్రశ్నకు అంగడాయన దగ్గర జవాబు లేదు. నిజానికి దేశంలో టెలికాం ధరల గురించి అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే. ఫోను చేస్తే డబ్బులు పోవడం అందరికీ తెలుసు. ఫోను చేయకపోయినా, ఎవరైనా చేస్తే మోగాలన్నా, ముందుగానే డబ్బులు కట్టాల్సిన పరిస్థితి ఎప్పుడొచ్చింది? ఎవరు తెచ్చారు? అది ఎవరి మీద ఎక్కువ బరువు వేస్తోంది?

35 నుంచి 199

2003 మే 1కి ముందు సెల్‌ఫోనుకు కాల్ వస్తే ఎత్తినవాళ్లకూ చార్జీ పడేది. ఆ రోజు నుంచి చేసినవాళ్లే చెల్లించే పద్ధతి వచ్చింది, ఇన్‌కమింగ్ ఉచితమైంది. సెల్‌ఫోను పేదోడి చేతికి రావడానికి ఇదే పెద్ద కారణం. 2005 చివర్లో 'లైఫ్‌టైమ్' ప్లాన్లు వచ్చాయి. ఒకసారి వెయ్యి రూపాయల దాకా కడితే జీవితాంతం ఇన్‌కమింగ్ వస్తుందన్నారు. పది రూపాయల టాపప్ వేయించుకుని నెల నెట్టుకొచ్చినవాళ్లు మనలో ఎందరో. అది కూడా లేనివాళ్లకు మిస్డ్ కాల్ ఉండేది. ఒక రింగు ఇస్తే 'బస్సు దిగినా', రెండు ఇస్తే 'కూలి ఉంది, పొద్దున్నే రా'. టెలికాం కంపెనీలు బిల్లు వేయలేకపోయిన భాష అది.

2018 అక్టోబర్, నవంబర్ నెలల్లో ఇదంతా తలకిందులైంది. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కనీస రీఛార్జ్ పెట్టాయి: 28 రోజులకు 35 రూపాయలు. కట్టకపోతే ముందు అవుట్‌గోయింగ్, కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ ఆగిపోతాయి. ఖాతాలో డబ్బులున్నా సరే, 'వ్యాలిడిటీ' లేకపోతే అవి పనికిరావు. బ్యాలెన్స్ ఉన్నవాళ్లకు సర్వీసు ఎలా ఆపుతారని ఆ నవంబర్‌లో ట్రాయ్ కంపెనీలకు మొట్టికాయ వేసింది. పద్ధతి మాత్రం మారలేదు. లైఫ్‌టైమ్ అనే మాట సిమ్ కార్డు కవర్ల మీద మాత్రమే మిగిలింది.

అక్కడి నుంచి ఎయిర్‌టెల్ ఒక్కదాన్నే తీసుకుని చూడండి. 2021 జూలైలో కనీస రీఛార్జ్ 79 రూపాయలు. అదే ఏడాది నవంబర్‌లో 99. 2023 మొదట్లో మన రాష్ట్రంలో 99 తీసేసి 155 పెట్టారు, అదీ 24 రోజులకే. 2024 జూలైలో 28 రోజులకు 199.

ఇప్పుడు కూలితో పోల్చండి. 2018-19లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 205 రూపాయలు, కనీస రీఛార్జ్ అందులో ఆరో వంతు. 2024-25లో కూలి 300, రీఛార్జ్ 199. అంటే రోజు కూలిలో మూడింట రెండు వంతులు. ఆరేళ్లలో కూలి ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు, ఫోను బతికుండడానికి అయ్యే ఖర్చు ఐదున్నర రెట్లు దాటింది. 28 రోజుల లెక్కన ఏడాదికి 13 సార్లు వేయించాలి, మొత్తం 2,587 రూపాయలు. ఎనిమిదిన్నర రోజుల చాకిరీ. ఇంట్లో రెండు ఫోన్లుంటే పదిహేడు రోజులు. వంద రోజుల పనికి పోయి పదిహేడు రోజుల కూలి సిగ్నల్ స్తంభానికి కట్టి రావడం!

కంపెనీలవాళ్లు ఒక మాట అంటారు. అందులో నిజముంది కాబట్టి దాచకుండా చెప్పాలి. 35 రూపాయలకు వచ్చేది కొద్దిపాటి టాక్‌టైమ్. 199కి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. గంటలు గంటలు మాట్లాడేవాళ్లకు నిమిషానికి పడే ఖర్చు తగ్గిన మాట వాస్తవమే. అయితే రోజుకు రెండు కాల్స్ చేసి నాలుగు కాల్స్ ఎత్తే ముసలమ్మకు 'అన్‌లిమిటెడ్' ఎందుకు? ఆమె కోరుకోని వస్తువును ఆమె కొనక తప్పని వస్తువుకు కట్టి అమ్ముతున్నారు. రేషన్ షాపులో చక్కెర కావాలంటే సబ్బు కూడా కొనాలని డీలరు మెలిక పెడితే ఊరుకుంటామా?

పైగా ఆ 199 ప్లానులో రెండు జీబీ డేటా ఉంది. 2జీ కీప్యాడ్ ఫోనులో దాంతో ఏం చేయాలి? జియోకు 2జీ నెట్‌వర్కే లేదు కాబట్టి పాత ఫోను ఉన్నవాళ్లు అటు పోలేరు. 2023 జూలైలో జియో 999 రూపాయలకు జియోభారత్ ఫోను తెచ్చి, దానికి 28 రోజులకు 123 రూపాయల ప్లాన్ పెట్టింది. అది కొందరికి ఊరటే. కానీ ఆ ఫోను కొంటే ఆ కంపెనీతోనే కట్టుబడి ఉండాలి.

ఊరి ఫోను, వాడ ఫోను

ఫోను చార్జీల గొడవ మనకు కొత్తది కాదు, కాకపోతే ముందు తరం గొడవలో మనం లేము. 1999లో ట్రాయ్ తన మొదటి టారిఫ్ ఆర్డర్ ఇచ్చినప్పుడు ఎస్టీడీ ధరలు తగ్గించి, ఇంటి ఫోను అద్దె, లోకల్ కాల్ ఖర్చు పెంచే దారి పట్టింది. అంతకు ముందు ఐదు నిమిషాలకు ఒక కాల్ లెక్క, తర్వాత మూడు నిమిషాలకే ఒక కాల్. వినియోగదారుల సంఘాలు కోర్టులదాకా, పార్లమెంటుదాకా మొత్తుకున్నాయి. న్యాయమైన గొడవే. కానీ ఆనాడు ల్యాండ్‌లైను ఎవరింట్లో ఉండేది? డాక్టరు, వకీలు, షావుకారు, టీచరు ఇళ్లలో. తర్వాత 2015 మే నుంచి బీఎస్ఎన్ఎల్ రాత్రి 9 నుంచి పొద్దున 7 దాకా ల్యాండ్‌లైను కాల్స్ ఉచితం చేసి, 2018లో ఆ వేళలు కుదించి, ఆదివారం ఉచితాన్ని కూడా ఎత్తేసినప్పుడు అలిగినవాళ్లలోనూ వాడ మనుషులు తక్కువే. ఇంట్లోకి తీగ వచ్చి ఉంటే కదా అలగడానికి!

1994 జాతీయ టెలికాం విధానం 1997 నాటికి ప్రతి గ్రామానికీ ఫోను అంది. అది కాకపోయేసరికి 1999 విధానం 2002 దాకా గడువు పొడిగించింది. గ్రామం అంటే ఇక్కడ రెవెన్యూ గ్రామం. చిత్తూరు జిల్లా తెలిసినవాళ్లకు ఈ లెక్కలో మోసం వెంటనే అర్థమవుతుంది. మనకు రెవెన్యూ గ్రామం ఒకటే ఉంటుంది, దాని కింద ఊరు వేరు, హరిజనవాడ వేరు, అరుంధతివాడ వేరు, మధ్యలో చేన్లు. గ్రామానికి ఒక్క పబ్లిక్ ఫోను పెడితే లెక్క పూర్తయినట్టే. అది ఊర్లో ఎవరి అరుగు మీద ఉందో, అక్కడికి వాడ మనిషి పోతే లోపలికి రానిచ్చారో, బయటే నిలబెట్టి నంబరు తామే తిప్పారో ఏ నివేదికలోనూ రాయలేదు. చావు కబురు కూడా ఎదుటివాడి దయ మీద అందిన రోజులు అవి.

అందుకే సెల్‌ఫోను దళితులకు వట్టి సౌకర్యం కాదు. ఎవరి గడపా తొక్కకుండా మాట అందుకోవడం అది. రాబిన్ జెఫ్రీ, ఆసా డోరన్ కలిసి భారతదేశపు సెల్‌ఫోన్ల మీద 2013లో తెచ్చిన పుస్తకంలో ఒక అధ్యాయం చదవదగింది. 2007లో ఉత్తరప్రదేశ్‌లో బీఎస్పీ గెలుపులో చవక ఫోన్ల పాత్ర ఎంతో అందులో చర్చించారు. పత్రికలు, టీవీలు పట్టించుకోని పార్టీ కార్యకర్తలు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోగలిగారు. మన దగ్గరా అంతే. పొలం గట్టు గొడవలో నలుగురిని పిలవడం, స్టేషన్లో ఎఫ్ఐఆర్ రాయకపోతే తిరుపతిలో ఉన్న లాయరుకు చెప్పడం, హాస్టల్లో పిల్లకు జ్వరం వస్తే ఇంటికి తెలియడం, ఇదంతా ఈ ఇరవై ఏళ్లలో చవక ఫోను ఇచ్చిన బలం. ఆ బలానికి ఇప్పుడు 28 రోజుల గడువు పెట్టారు.

ఇది ఇంట్లో ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి. డబ్బులు చాలనప్పుడు ముందు ఆగేది ఆడవాళ్ల ఫోనే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్న మహిళలు సగం మంది కూడా లేరు. అది అన్ని కులాల సగటు. దళిత మహిళ ఆ సగటుకు ఏ వైపున ఉంటుందో చెప్పనక్కర్లేదు.

నంబరు చచ్చిపోతే

కొందరు మిత్రులు అంటారు: 'రీఛార్జ్ లేకపోతే పది రోజులు ఫోను పక్కన పెడితే పోయె, దానికింత రాద్ధాంతమా?' పక్కన పెట్టగలిగితే బాగుండేది. ప్రభుత్వమే పెట్టనీయడం లేదు.

ఆధార్ ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. బ్యాంకు మెసేజీ దానికే. గ్యాస్ బుకింగ్ దానికే. స్కాలర్‌షిప్ దరఖాస్తులో పిల్లలు రాసేది అమ్మ నంబరో నాన్న నంబరో. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనుల దగ్గర రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో హాజరు ఎక్కించడం తప్పనిసరి చేశారు. ఆ ఫోనూ, ఆ డేటా ఎవరివి? 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పితే మంచిదే, కాదనడం లేదు. కానీ ఆఫీసు గుమ్మం ఉచితం. వాట్సాప్ గుమ్మానికి నెలనెలా టికెట్టు ఉంది, ఆ టికెట్టు ధర నిర్ణయించేది ప్రభుత్వం కాదు.

చాలా రోజులు వాడని సిమ్‌ను కంపెనీ రద్దు చేసి, ఆ నంబరును కొంతకాలం తర్వాత వేరేవాళ్లకు అమ్ముకుంటుంది. అప్పుడు మీ ఓటీపీ ఎవరికో పోతుంది. పాత నంబరు పోయినావిడ మళ్లీ కొత్తది ఆధార్‌కు, బ్యాంకుకు, సచివాలయం రికార్డుకు కలిపించుకోవాలంటే ఎన్ని రోజుల కూలి పోతుందో ఉద్యమంలో ఉన్నవాళ్లందరికీ అనుభవమే.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది అట్రాసిటీ కేసుల సంగతి. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సవరణలో 15ఏ సెక్షన్ ఉంది. కోర్టులో ఏ విచారణ జరిగినా, ముఖ్యంగా నిందితుడి బెయిల్ విచారణ అయితే, బాధితులకు సరైన సమాచారం సకాలంలో అందాలి, వాళ్ల మాట వినాలి. ఇది దయ కాదు, హక్కు. 2021 అక్టోబర్‌లో రాజస్థాన్ నుంచి వచ్చిన హరిరామ్ భంభీ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బాధితులకు నోటీసు ఇవ్వకుండా మంజూరైన బెయిల్‌ను కొట్టేసింది.

కాగితం మీద అంత గట్టి హక్కు. కింద ఆచరణలో చాలా చోట్ల ఆ నోటీసు ఏ రూపంలో వస్తుంది? స్టేషన్ నుంచి ఒక ఫోన్ కాల్. 'రేపు కోర్టులో బెయిల్ పిటిషన్ ఉంది, వస్తే రా.' ఆ కాల్ వచ్చే రోజుకు బాధితుడి ఫోను ఇన్‌కమింగ్ ఆగిపోయి ఉంటే? 'ఫోన్ చేశాం, అందుబాటులో లేరు' అని రాసుకుంటారు. దాడి తర్వాత మొదట పోయేది కూలి పని. ఊర్లో పనికి పిలవరు. పని లేకపోతే రీఛార్జ్ ఉండదు. ఏ నెలలో మనిషికి ఫోను అన్నిటికంటే అవసరమో ఆ నెలలోనే అది మూగబోతుంది. 2021 డిసెంబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన అట్రాసిటీ హెల్ప్‌లైన్ 14566కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చినా, తర్వాత వాళ్లు తిరిగి చేయాల్సింది ఆ మూగ ఫోనుకే.

కువైట్ నుంచి వచ్చే కాల్

ఉమ్మడి చిత్తూరు, కడప జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటి పనికి పోయిన ఆడవాళ్లలో దళితులు, బహుజనులు, ముస్లింలే ఎక్కువ. పీలేరు, మదనపల్లె, రాయచోటి, రాజంపేట వైపు ఇది కొత్త సంగతి కాదు. సేఠు ఇంట్లో ఫోను చేతికిచ్చేదే రోజులో అరగంట, గంట. కొన్ని ఇళ్లలో వారానికోసారి. అక్కడ వైఫై దొరికితే ఆమె వాట్సాప్‌లో చేస్తుంది, మామూలు ఐఎస్‌డీ కాల్ చేసే స్తోమత ఉండదు. ఇక్కడ అమ్మ ఫోనులో డేటా ప్యాక్ ఆ రోజుకు చెల్లుబాటులో ఉండాలి. లేకపోతే ఆమెకు మళ్లీ వారం దాకా పిల్లల గొంతు వినబడదు. దెబ్బలు తింటున్నా, జీతం ఇవ్వకపోయినా చెప్పుకోవడానికి ఉన్న ఒకే దారి అది. ఇక్కడ రెండు వందలు లేక అక్కడ ఒక మనిషి ఒంటరి అవుతుంది. టారిఫ్ ఆర్డర్లు రాసేవాళ్లకు ఈ కాల్ కనబడదు.

మాటకు మాత్రమే అన్న ప్లాన్ ఏమైంది

ఈ బాధ ట్రాయ్‌కు తెలియదని కాదు. 2024 జూలైలో అదే ఒక సంప్రదింపుల పత్రం వేసింది. దేశంలో సుమారు 15 కోట్ల మంది ఇంకా కీప్యాడ్ ఫోన్లు వాడుతున్నారనీ, వాళ్ల మీద డేటా రుద్దడం ఎందుకనీ అడిగింది. కంపెనీలు వ్యతిరేకించాయి. అయినా 2024 డిసెంబర్ 23న ట్రాయ్ నిబంధనలు సవరించింది. డేటా లేకుండా మాటకు, ఎస్ఎంఎస్‌కు మాత్రమే కనీసం ఒక ప్లానైనా ప్రతి కంపెనీ పెట్టాలంది. ఇది చిన్న గెలుపు కాదు.

మరి కంపెనీలు ఏం చేశాయి? 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 84 రోజులకు 499 రూపాయల ప్లాన్ తెచ్చింది. అప్పటిదాకా ఆరు జీబీ డేటాతో ఉన్న 84 రోజుల ప్లాన్ 509. డేటా మొత్తం తీసేసి పది రూపాయలు తగ్గించిందన్న మాట. జియో 458 పెట్టింది. ఈ ప్లాన్లను పరిశీలిస్తామని ట్రాయ్ అనేసరికి ఎయిర్‌టెల్ 469కి, జియో 448కి దిగాయి. ఏడాదికైతే ఎయిర్‌టెల్‌ది 1,849, జియోది 336 రోజులకు 1,748.

ట్రాయ్ మాట నెగ్గినట్టే కనిపిస్తుంది, కానీ మెలిక గడువులో ఉంది. ఒక్క నెలకు మాటల ప్లాన్ వాళ్లు పెట్టలేదు, పెట్టాలని నిబంధన చెప్పలేదు. 469 రూపాయలు ఒక్కసారి తీయగలిగినవాళ్లకు 84 రోజులు. తీయలేనివాళ్లు 199 చొప్పున మూడుసార్లు వేయించుకుంటే అదే 84 రోజులకు 597. తేడా 128. ఏడాది లెక్క చూస్తే, 1,849 ఒకేసారి కట్టగల గుమాస్తాకూ, నెలనెలా 199 కట్టి 2,587 దగ్గర తేలే కూలీకీ తేడా 738 రూపాయలు. కూలీ పోగొట్టుకునేది రెండున్నర రోజుల కూలి. బియ్యం మూట కొనేవాడికంటే కిలో కిలో కొనేవాడు ఎక్కువ కట్టడం మనం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఇప్పుడు మాటకూ అదే పద్ధతి వచ్చింది.

28 రోజుల నెల అనే కిటుకూ అలాంటిదే. పన్నెండు నెలల ఏడాదికి పదమూడు రీఛార్జులు. 2022 జనవరిలో ట్రాయ్ కనీసం ఒక 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ఇంకో ప్లాన్ పెట్టాలని ఆదేశించింది. పెట్టారు, వేరే ధరకు. ఎయిర్‌టెల్‌లో 28 రోజులకు 199, 30 రోజులకు 219. ఇటలీలో కూడా కంపెనీలు ఇదే పని చేశాయి, అదీ ఇంటి ల్యాండ్‌లైన్లకు. 2017లో 28 రోజుల బిల్లింగ్‌కు మారితే అక్కడి రెగ్యులేటర్ అడ్డుపడింది. చివరికి చట్టమే చేసి నెలవారీ బిల్లుకు రప్పించారు. ఎక్కువ తీసుకున్నది ఖాతాదారులకు తిరిగి ఇవ్వాలన్నారు. మన రెగ్యులేటర్ ధరల విషయంలో ఎన్నో ఏళ్లుగా జోక్యం చేసుకోని విధానం పట్టుకుంది. పోటీ ఉంటే ధరలు వాటంతట అవే దిగుతాయని దాని నమ్మకం. ఒకప్పుడు సర్కిల్‌కు అరడజను పైగా కంపెనీలు ఉండేవి. ఇప్పుడు మూడు ప్రైవేటువి, ఒక ప్రభుత్వానిది. మూడూ రెండు రోజుల తేడాలో ధరలు పెంచితే దాన్ని పోటీ అనే మాటతో పిలవడం కష్టం.

'మన దేశంలో కాల్స్, డేటా ప్రపంచంలోనే చవక' అనే వాదన ఎప్పుడూ వినిపిస్తుంది. సగటు ఖాతాదారుడి నుంచి నెలకు 300 రూపాయల పైన వస్తేనే వ్యాపారం ఆరోగ్యంగా ఉంటుందని ఎయిర్‌టెల్ 2024 ధరల పెంపు ప్రకటనలోనే చెప్పుకుంది. యాదృచ్ఛికమే కావచ్చు, ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి కూలి సరిగ్గా రోజుకు 300. ఫైబర్, 5జీ టవర్ల పెట్టుబడి రాబట్టుకోవాలి అంటారు. రాబట్టుకోండి. కానీ 5జీ ఎన్నడూ తాకని ఫోను దగ్గర ఎందుకు?

బీఎస్ఎన్ఎల్ ఉంది కదా అంటే, ఉంది. దాని ధరలు ఇప్పటికీ తక్కువే. 2025 సెప్టెంబర్ 27న దాదాపు 97,500 టవర్లతో స్వదేశీ 4జీని ప్రధాని ప్రారంభించారు. అయితే ప్రైవేటు కంపెనీలు 2016 నుంచే 4జీతో ఊళ్లను చుట్టేస్తుంటే ప్రభుత్వ కంపెనీకి ఆ అవకాశం ఇన్నేళ్లు అందలేదు. దాన్ని బతికించుకోవడం దళితుల డిమాండ్లలో ఒకటి కావాలి. రిజర్వేషన్‌తో మన పిల్లలు జేఈలుగా, లైన్‌మెన్‌లుగా చేరిన సంస్థ అది. మిగతా మూడింటిలో ఆ మాటే లేదు.

అడగాల్సింది ఎవరిని

తిరుపతి, చిత్తూరు రెండూ ఎస్సీ రిజర్వుడు లోక్‌సభ స్థానాలు. 2024లో గెలిచిన మద్దిల గురుమూర్తి వైసీపీ, దగ్గుమళ్ల ప్రసాదరావు టీడీపీ. కేంద్రంలో కమ్యూనికేషన్ల సహాయ మంత్రి గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్. టెలికాం కేంద్ర విషయం, ప్రశ్న వేయగల ఇద్దరు ఎంపీలూ మన స్థానాలవాళ్లే, జవాబు చెప్పాల్సిన శాఖలో తెలుగు మంత్రి. ఇంతకంటే దగ్గరి దారి ఇంకొకటి ఉండదు.

అడగడానికి చట్టంలో చోటు కూడా ఉంది. పాత యూఎస్ఓ ఫండ్ 2023 టెలికాం చట్టంతో డిజిటల్ భారత్ నిధిగా మారింది. కంపెనీల ఆదాయం నుంచి వసూలు చేసే సొమ్ము అది. 2024 ఆగస్టు 30న నోటిఫై చేసిన నియమాల్లో, మహిళలు, వికలాంగులు, ఆర్థికంగా సామాజికంగా బలహీన వర్గాలకు టెలికాం సేవలు అందేలా చేసే పథకాలకూ ఈ నిధి వాడవచ్చని ఉంది. టవర్లు వేయడానికే కాదు, మనిషికి ఫోను అందుబాటు చేయడానికీ వాడవచ్చన్న మాట. అమెరికాలో 1985 నుంచి లైఫ్‌లైన్ అనే పథకం ఉంది. పేద కుటుంబాలకు ఫోను లేదా ఇంటర్‌నెట్ బిల్లులో నెలకు 9.25 డాలర్ల దాకా తగ్గిస్తారు. పచ్చి పెట్టుబడిదారీ దేశమే ఫోనును ప్రాణాధారమని పేరు పెట్టి ఇస్తుంటే, ఇక్కడ కనీసం ఇన్‌కమింగ్ ఆపవద్దని అడగడం గొంతెమ్మ కోరికా?

నెలకు మాటల ప్లాన్ ఒకటి, యాభై అరవై రూపాయల్లో. రీఛార్జ్ అయిపోయినా ఏడాదిపాటు ఇన్‌కమింగ్ కాల్స్, ఓటీపీలు ఆగకుండా ఉండే నిబంధన ఒకటి. ఉపాధి మేట్లకు హాజరు యాప్ కోసం పడే డేటా ఖర్చు ప్రభుత్వమే భరించడం ఇంకొకటి. విద్యార్థి సంఘాలు ఈ మూడింటినీ పట్టుకుని ఎంపీల దగ్గరికి పోవచ్చు. ట్రాయ్ సంప్రదింపుల పత్రాలకు ఎవరైనా అభిప్రాయం రాసి పంపవచ్చు. కంపెనీల లాయర్లు పేజీలకు పేజీలు పంపుతారు. యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి, ఎస్వీయూ నుంచి, ద్రవిడ వర్సిటీ నుంచి ఎన్ని పోతున్నాయి?

జిల్లా స్థాయిలో చేయాల్సింది దీనికంటే సులువు. అట్రాసిటీ నియమాల ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. తిరుపతి, చిత్తూరు కమిటీల్లో సభ్యులుగా ఉన్నవాళ్లు వచ్చే సమావేశంలో ఈ అంశం పెట్టించాలి: 15ఏ నోటీసు ఫోన్ కాల్‌తో సరిపెట్టకుండా కాగితం మీద ఇచ్చి సంతకం తీసుకోవాలి, ప్రతి కేసు ఫైలులో బాధితుడి నంబరుతో పాటు వాడలో ఇంకో ఇద్దరి నంబర్లు రాసుకోవాలి. దీనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, మినిట్స్‌లో ఎక్కితే చాలు. ఎక్కకపోతే ఎందుకు ఎక్కలేదో సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగవచ్చు.